బీడులో గంభీరయ్యగారి ఇల్లు

మా రాజుగారి మీసం మోయడానికే నలుగురు బంట్లు ఉండేవారు. అంతటాయనకి ఒకనాడు వెబ్‌సైట్ మీద మనసైంది.

"డొమైన్ కొన్నాను ప్రభూ, సైటు సిద్ధం," అన్నాడు ఆస్థాన పండితుడు గంభీరయ్య. దండోరా ముత్యాలు ఆ చిరునామా ఊరంతా చాటాడు. లక్షమంది నొక్కినా ఏమీ తెరుచుకోలేదు.

"వీడే తప్పు చాటాడు," అన్నాడు గంభీరయ్య. పొద్దువాలేలోగా ముత్యాలు ఊరు విడవాలన్నాడు రాజు.

ముత్యాలు గుండె డప్పుకన్నా గట్టిగా కొట్టుకుంది. "డొమైన్ అంటే ఏంటి సామీ?" అని గంభీరయ్యని అడిగాడు.

"సైటు పేరురా, మొద్దూ."

"అయితే పోయేముందు తమకో ఇల్లు కట్టిచ్చి పోతాను."

మధ్యాహ్నానికల్లా అందర్నీ బీడులోకి తీసుకెళ్లాడు. అక్కడ ఒక కర్రకి గంభీరయ్య పేరు రాసిన పలక వేలాడుతోంది, అంతే.

"ఇల్లేదిరా?"

"పేరుంది కదా సామీ."

"పేరుంటే చాలా? స్థలం కావాలి, గోడలు లేవాలి."

"మరి రాజుగారి సైటుకి స్థలం తీసుకున్నారా?"

గంభీరయ్య చెమటకి బీడు మడుగైంది. "హోస్టింగ్ అంటారు ప్రభూ. అది... మరిచాను. పేజీలు కూడా పెట్టలేదు."

"సైటు తెరుచుకునేదాకా నీ కాపురం ఈ ఇంట్లోనే," అన్నాడు రాజు.

ఆ ఎండకి పొద్దువాలకముందే సైటు తెరుచుకుంది. ముత్యాలు అదే చిరునామా మళ్లీ చాటాడు, ఒక్క అక్షరం మార్చకుండా.