కేకల బడి ముందు పొగ కొట్టు

అనగనగా ఒక అడవిలో కేకల బడి ఉండేది. అవునర్రా, కేకల బడే! మీ బడిలో అరిస్తే గోడకుర్చీ. అక్కడ అరవకపోతే చెట్టుకుర్చీ!

అక్కడ చదివేది కొండముచ్చు పిల్లలు. చెట్టెక్కి, చిరుత కనపడగానే "ఖక్! ఖక్!" మని కేక పెట్టాలి. అది విని కింద మేసే జింకలు పరుగందుకోవాలి. తాతల నాటి ఒప్పందం అది.

బుడంకాయ అనే పిల్ల కొండముచ్చు కేక వేస్తే కొండ అవతల నెమళ్లు ఉలిక్కిపడేవి. వాడు కాపలా కొమ్మ ఎక్కే రోజుకి ఇంకా నాలుగు రోజులే! కాలు నేల మీద నిలిస్తేగా!

సరిగ్గా అప్పుడే పునుగుపిల్లి బడి ఎదురుగా, మూడు గంతుల దూరంలో కొట్టు తెరిచింది. వెదురు గొట్టాల్లోంచి తియ్యని పొగ!

"పొగేంటి అల్లుడూ, ఇది పండ్ల ఆవిరి! ఒక్క దమ్ము లాగి చూడు," అంది.

మొదటి రోజు మామిడిపండు వాసన. రెండో రోజు పనసతొన. మూడో రోజు బుడంకాయ బడి కన్నా ముందు కొట్టు దగ్గరే తేలాడు.

"నీ కేకేంట్రా, చిట్టెలుక కూతలా ఉంది?" అంది వాడి నేస్తం, జింకపిల్ల చుక్కి.

"జలుబులే!" అన్నాడు దగ్గుతూ.

నాలుగో రోజు. బుడంకాయ వెలగచెట్టు మీద, కాపలా కొమ్మ ఎక్కాడు. కింద చుక్కి మేస్తోంది. గడ్డి కదిలింది. అమ్మో, చిరుత!

నోరు తెరిచాడు. "కీచ్..." మళ్లీ తెరిచాడు. "కీ..." మూడోసారి వట్టి దగ్గే!

చిరుత ఒళ్లు కూడదీసుకుంటోంది. బుడంకాయ చేతికందిన వెలగకాయ తెంపి విసిరాడు. ఠాప్! చుక్కి నెత్తిన పడింది.

"నీ తోక తెగ! కళ్లు కనపడట్లేదా?" అంటూ చుక్కి పైకి చూసింది. వాడి చెయ్యి గడ్డి వైపు చూపిస్తోంది. ఒక్క దూకు దూకింది! చిరుత పంజాకి నాలుగు తోక వెంట్రుకలే చిక్కాయి.

బుడంకాయ ఏడుస్తూ గురువుగారికి అంతా చెప్పేశాడు. ముసలి గురువు జింకల్ని వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్లాడు.

"ఇంత అడవి ఉండగా బడి ముందే చోటు దొరికిందా?"

"పెద్దలు ఓసారి వాసన చూసి పోతారండీ. పిల్లలైతే రేపు కూడా వస్తారు!" అనేసి నాలిక కరుచుకుంది పునుగుపిల్లి.

అంతే! జింకలు కొమ్ములు వంచాయి. కొట్టు గొట్టాలతో సహా పక్కనున్న ఏట్లో పడింది. పునుగుపిల్లి ఏరు దాటి ఒకటే పరుగు!

బుడంకాయ మళ్లీ పొగ జోలికి పోలేదు. కేక తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు వాడు కొమ్మెక్కి గొంతెత్తితే చుక్కి కిందనుంచే అరుస్తుంది:

"వినపడిందిరా నాయనా! ఆ వెలగకాయ మాత్రం విసరకు!"

నీతి: బడి పక్కన తియ్యని పొగ అమ్మేవాడి కన్ను పిల్లల ఊపిరి మీదే. మీరు పీల్చకండి, వాణ్ణి అక్కడ ఉండనివ్వకండి.