దయ్యానికి కథ చదివిన నూకరత్నం

అనగనగా ఒక ఊళ్ళో ఒక బడి, బడిలో ఒక గది, గదిలో ఒక పుస్తకాల బీరువా, ఆ బీరువా వెనక ఒక దయ్యం ఉండేదటర్రా. తలుపు తీస్తే బీరువా కిర్రుమనేది, బీరువా కిర్రుమంటే గాజులు గలగలమనేవి, గాజులు గలగలమంటే పిల్లలు పరుగో పరుగు. ఇంక ఆ పుస్తకాలెవరు చదువుతారు?

ఆ బళ్ళోనే నూకరత్నమని ఒక పిల్ల. పాపం, కూడబలుక్కుని చదివేది. 'కలువ' అనాలంటే 'క' దగ్గర కాసేపు, 'లు' దగ్గర కాసేపు ఆగేది. అది లేచి చదివితే తరగతంతా నవ్వేది. దయ్యమైనా నయం, నవ్వదు కదా అనుకుని, ఓ మధ్యాహ్నం అన్నాల గంట కొట్టగానే ఆ గదిలోకెళ్ళి కూర్చుంది. ఊ కొడుతున్నారా?

ఒక రాజుగారి కథ ఉన్న పుస్తకం తీసి అక్షరం అక్షరం ఏరుకుంటూ మొదలెట్టింది. బీరువా వెనక గాజులు మోగాయి. పిల్ల గభాల్న పుస్తకం మూసేసింది.

"మూయకే తల్లీ. ఆ రాజుగారి చిన్నకోడలు ఏమైందో చెప్పు," అంది దయ్యం.

"నాకు గబగబా రాదు."

"నాకసలే రాదు. బతికుండగా నన్ను బడికి పంపలేదు. ఇన్నేళ్ళూ బొమ్మలు చూస్తూ కూర్చున్నా. నెమ్మదిగానే చదువు."

ఇక రోజూ అదే పని. ఈ పిల్ల చదవడం, అది ఊ కొట్టడం. చదవగా చదవగా నాలుక తిరిగింది.

ఇంతలో పెద్ద మాస్టారికి విసుగొచ్చింది. ఎవరూ ముట్టని పుస్తకాలెందుకు, చిత్తుకాగితాల బండికెత్తేసి గదికి తాళం వేద్దామన్నారు. బండి రానే వచ్చింది. నూకరత్నానికి ఏడుపు తన్నుకొచ్చింది. తరగతిలో నోరెత్తని పిల్ల, బడంతా చూస్తుండగా గుమ్మానికి అడ్డంగా నించుని, పుస్తకం తెరిచి గట్టిగా చదివింది. చిన్నకోడలు అడవికెళ్ళింది, అడవిలో గుహకెళ్ళింది, గుహలో పులి లేచింది, లేచిన పులి నోరు తెరిచింది. అక్కడ ఆపేసింది.

"తరవాత?" అన్నారు పిల్లలు. మాస్టారూ అన్నారు.

"తరవాతిది లోపలుంది. వచ్చి చదువుకోండి," అంది.

అంతే, పిల్లలు దయ్యం భయమే మరిచిపోయి ఎగబడ్డారు, గది కిటకిటలాడిపోయింది. బండి ఖాళీగా తిరిగెళ్ళింది. చోటు చాలక దయ్యం బీరువా పైకెక్కి కాళ్ళు వేలాడేసుకుని, కాస్త పైకి చదవండర్రా, వినబడ్డం లేదని బతిమాలుకునేది.

చదువు నత్తలా వచ్చినా పరవాలేదర్రా. నవ్వేవాళ్ళని చూసి పుస్తకం మాత్రం మూయకూడదు. కథేమో కంచి దారి పట్టింది, మనమేమో పక్క ఎక్కుదాం.