రెండు కుండల అంబలి

సింహాసనం కోసం అన్నదమ్ములు కొట్టుకుంటున్న ఆ రాజ్యంలో రెండు సేనలదీ ఒకటే తలపాగా, ఒకటే యాస. అందుకే కావలివాళ్లు ఎదురైనవాళ్లనల్లా "ఏ పక్షం?" అని అడిగేవారు. జవాబు తప్పితే తల తెగేది.

ఒకనాటి పొగమంచులో, తలమీద ఒక అంబలి కుండ, చంకన ఇంకొకటి పెట్టుకుని వస్తున్న నూకాలవ్వను ఓ దళనాయకుడు ఆపాడు.

"ఏ పక్షం, ముసలీ?"

వీళ్లు ఎవరి మనుషులో అవ్వకు తెలియలేదు. రెండు కుండలూ నేలమీదికి దించింది.

"ఒక కుండ మావాళ్లకి దొరా. రెండోదాంట్లో ఉమ్మెత్త నూరి కలిపాను, అవతలివాళ్లకి. మీదే పక్షమో చెప్పండి, దాన్నిబట్టి పోస్తాను."

భటులు పస్తులున్నారు. అయినా ఏ పేరు చెబితే ఏ కుండ వంగుతుందోనని ఒక్కడూ నోరు విప్పలేదు.

నాయకుడు కత్తి దూశాడు. "ముందు నువ్వు తాగు!"

"చంపేవాడు తాగమంటే ఏదైనా తాగుతాను నాయనా, నాకిక పోయేదేముంది? దారి వదులుతానని నీ భటుల ముందు మాటివ్వు. అప్పుడు నేను తాగితే నమ్ము, బతకబోయేదాన్ని విషం ముట్టను కదా!"

భటులంతా నాయకుడి మొహంలోకి చూశారు. అతను మాటిచ్చి, కత్తి ఒరలో పెట్టాడు. అవ్వ రెండు కుండల్లోనూ ముంచుకుని తాగి, అందరికీ తలా కాస్త పోసింది.

నాయకుడు మూతి తుడుచుకున్నాడు. "విషమే లేనప్పుడు రెండు కుండలెందుకే అవ్వా?"

"నా పెద్దోడు ఒక సేనలో, చిన్నోడు ఇంకో సేనలో ఉన్నారు నాయనా."

ఎవడు ఎటో ఆమె చెప్పలేదు. ఈసారి ఎవరూ అడగలేదు.