ఎండాకాలపు తనిఖీ

కొత్తదిన్నెలో సోలార్ పలకలకు అనుమతి రావాలంటే అవి పెట్టే నేల బీడని అధికారి రాయాలి. ఆ అధికారి పరంధామయ్య నడి ఎండాకాలంలో ఊడిపడినప్పుడే సుంకులమ్మకు అనుమానం పట్టుకుంది. ఆయన ఆమె వేరుశెనగ చేని గట్టు మీదే నిలబడి, వంగి పిడికెడు మన్నైనా చూడకుండా, "గడ్డిపోచ లేదు, బీడు" అని రాసేశాడు. కాగితంలో మిగతాదంతా ముందే రాసుకొచ్చినట్టుంది.

"వేలిముద్ర వెయ్యమ్మా."

"వేస్తా సారూ. ముందు నాదీ ఒక మాట రాయండి. మీవాళ్లు చావడి ముందర నమూనాకని పలక పెట్టి ఫ్యాను తగిలించినారు గదా, దాన్ని నేనూ తనిఖీ చేసినా. రాత్రి బువ్వ తిని పోయి, కోడి కూసేదాకా దాని ముందరే కూర్చున్నా. ఫ్యాను ఒక్క చుట్టు తిరగలే. ఆ పలక పనికిరాదని రాయండి."

గట్టు మీద చేరిన రైతులు ముసిముసిగా నవ్వారు. పరంధామయ్యకు ఒళ్లు మండింది.

"సోలార్ పలకను రాత్రిపూట చూసేదెవరమ్మా?"

"వానకు పండే చేనును ఎండాకాలంలో చూసేవాళ్లు, సారూ."

ఆయన కలం జేబులో పెట్టుకోబోయాడు.

"బీడన్న మాట కొట్టేసి పెట్టుకోండి" అంది సుంకులమ్మ.