వేళాకోళం లేని బంతి

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో తల్లీ. ఆ పిడికిట్లో ఏముంది? ఏమీ లేదూ? సరే, నమ్మాననుకో. ఇక విను.

అనగనగా అంటే, మా అమ్మమ్మ కూడా పుట్టకముందు, కాలవ గట్టున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో సూరాయమ్మ అని ఒకావిడ ఉండేది. మనిషి మంచిదే, పెట్టే చెయ్యి. కానీ వట్టి అనుమానం మనిషి. ఎవరేం మాటన్నా, చింతపండులో గింజ కోసం వెతికినట్టు, దాన్ని పిసికి పిసికి చూసేది.

ఒకరోజు పక్కింటి కోడలు, "పిన్నిగారూ, ఈసారి మీ ఆవకాయ భలే ఎర్రగా ఉందండీ" అంది. సూరాయమ్మ ఇంటికొచ్చి ఆలోచించింది. ఎర్రగా ఉందంది గానీ, బాగుందనలేదేం? అంతే, ఆ ఇంటికి మళ్ళీ ఆవకాయ పంపలేదు. ఆ తర్వాత పంతులుగారు, "మీవాడు నెమ్మదస్తుడమ్మా" అన్నారు. నా కొడుకుని దద్దమ్మంటున్నాడని ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆ తర్వాత పాలుపోసే ముసలాయన ఆవిణ్ణి చూసి ఊరికే నవ్వాడు. ఊరికే ఎవరైనా నవ్వుతారా? ఇంటికి పరిగెత్తి అద్దంలో మొహం చూసుకుంది, చీర చూసుకుంది, దొడ్డి తలుపు వేసుందో లేదో చూసుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

ఆవిడకి ఒక్కడే కొడుకు, గవర్రాజు. వాడికొచ్చిన సంబంధాలన్నీ ఇలాగే పోయాయి. ఒకరింట్లో "ఇంకో లడ్డూ వేసుకోండి" అంటే, మేమేమైనా తిండికి మొహం వాచినవాళ్ళమా అని లేచొచ్చేసింది. ఇంకొకరింట్లో వేసుకోమని అననందుకు లేచొచ్చేసింది. నవ్వుతావేం? వాడికి ఎలా ఉంటుందో ఆలోచించు.

చివరికి కాలవ అవతలి ఊళ్ళో మంగతాయారు అనే పిల్ల కుదిరింది. ఒకరంటే ఒకరికి ఇష్టం కలిగింది. అప్పుడు గవర్రాజు తల్లితో, "అమ్మా, ఇది కూడా తప్పిపోతే నాకిక పెళ్ళే వద్దు" అన్నాడు. నెమ్మదస్తుడు కదా, నెమ్మదిగానే అన్నాడు. కానీ వాడు మాటంటే మాటే.

ఇప్పుడు నీకో సంగతి చెప్పాలి. అప్పటి పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారు బంతిలో భోజనానికి కూర్చుంటే, ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు చుట్టూ నిలబడి వియ్యపురాలి మీద పాటలు పాడేవాళ్ళు. నీ ముక్కు వంకరనేవాళ్ళు, నీ ముద్ద పెద్దదనేవాళ్ళు. ఆవిడ ఉత్తుత్తి కోపం తెచ్చుకుని తిరిగి ఒక మాట అంటించేది. అందరూ నవ్వేవాళ్ళు. ఇక చుట్టరికం కలిసినట్టే.

అది తలుచుకుని గవర్రాజుకి గుండెల్లో రాయి పడింది. మామూలు మాటలోనే ముల్లు వెతికే మనిషి, ఎగతాళి చేస్తే ఊరుకుంటుందా? అందుకని గుట్టుగా ఆ ఇంటికి కబురు పంపాడు. మా అమ్మ మీద పాటలొద్దు, వేళాకోళాలొద్దు, మీ కాళ్ళు పట్టుకుంటానన్నాడు. మంగతాయారు మామ్మ బుల్లెమ్మ బంతి పాటలకి పెట్టింది పేరు. ఆవిడకి ప్రాణం గింజుకుంది గానీ, మనవరాలి కోసం సరేనంది.

పెళ్ళిరోజొచ్చింది. ముహూర్తం రాత్రికి. మధ్యాహ్నం బంతి. సూరాయమ్మ పట్టుచీర కట్టుకుని ఆకు ముందు కూర్చుంది. వడ్డించేవాళ్ళు వచ్చారు. "నెయ్యి వెయ్యమంటారా అండీ?" "చిత్తమండీ." తల ఎత్తరు, నవ్వరు.

సూరాయమ్మకి అనుమానం మొదలైంది. ఏంటీ మర్యాద? వంటలో ఏమైనా తేడానా? పప్పు వాసన చూసింది. బాగానే ఉంది. పిల్లలో ఏదైనా లోపం దాస్తున్నారా? మెడ సాచి గదిలోకి చూసింది. పిల్ల చక్కగా జడ వేయించుకుంటోంది. అప్పుడు స్తంభం పక్కన బుల్లెమ్మ కనిపించింది. అంత పాటగత్తె, పెదవి విప్పకుండా నేల చూపులు చూస్తోంది.

సూరాయమ్మ ఆకు మీంచి సగం లేచింది. తినకుండా లేవడమంటే మాటలా? పందిరంతా కొయ్యబారిపోయింది.

"ఇందాకట్నుంచి చూస్తున్నాను" అంది సూరాయమ్మ. "నా మీద ఒక్క పాట లేదు, ఒక్క మాట లేదు. దారినపోయేవాళ్ళకి పెట్టినట్టు పెడుతున్నారు. మేం మీకు చుట్టాలం కామా? కాకపోతే చెప్పండి, నా కొడుకుని తీసుకుపోతాను."

గవర్రాజు ఇరుకున పడ్డాడు. అసలు సంగతి చెబితే, నా కొడుకే నన్ను గయ్యాళిని చేశాడని కుమిలిపోతుంది. చెప్పకపోతే పెళ్ళి ఆగిపోతుంది. ఆడపెళ్ళివారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ వాణ్ణి పట్టివ్వలేదు.

అప్పుడు బుల్లెమ్మ గొంతు సవరించుకుంది. ముందు పెళ్ళికొడుకు మీద ఒక పాట అందుకుంది. సూరాయమ్మ మొహం కదల్లేదు. ఆ తర్వాత మగపెళ్ళివారి బొజ్జల మీద ఒకటి. ఊహూఁ. అప్పుడు బుల్లెమ్మ సూరాయమ్మ కళ్ళలోకి చూస్తూ మూడోది ఎత్తుకుంది.

*చిల్లు గారె వడ్డిస్తే వియ్యపురాలు*
*చిర్రుబుర్రులాడింది వియ్యపురాలు*
*నడుమ ముక్క ఏదంది వియ్యపురాలు*
*నంజుకున్నదెవరంది వియ్యపురాలు*

సూరాయమ్మ తన ఆకులోని గారె తీసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. చిల్లులోంచి బుల్లెమ్మ వైపు చూసింది. ఆ ముసలావిడ బుగ్గన తాంబూలం ఉబ్బెత్తుగా ఉంది.

"నడుమ ముక్క ఎక్కడికీ పోలేదు" అంది సూరాయమ్మ. "ఆ బుగ్గలో ఉంది. నోరు తెరిచి చూపించమనండి."

పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. బుల్లెమ్మ నవ్వలేక కూలబడింది. సూరాయమ్మ కూడా నవ్వి, కూర్చుని, ఆ గారె తినేసింది. కళ్ళు మాత్రం తుడుచుకుంది. కారం అంది. చప్పటి గారెలో కారమెక్కడిది?

రాత్రికి పెళ్ళయింది. ఆ తర్వాత కోడల్ని తీసుకుని పడవలో తిరిగొస్తున్నారు. పడవ సగం కాలవ దాటాక సూరాయమ్మ కొడుకుని అడిగింది. "ఒరే గవర్రాజూ, ముందు వాళ్ళ నోళ్ళెవరు కట్టేశార్రా?"

గవర్రాజు నీళ్ళవైపు చూశాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి. కొత్తకోడలు కొంగు సర్దుకుంది. సూరాయమ్మ వాడి చెవుల్ని చూసింది, కోడల్ని చూసింది, ఇంకో ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది.

"చలిగాలి తగులుతోంది, దగ్గరికి జరగండర్రా" అంది.

జన్మలో ఆవిడ పిసికి చూడకుండా వదిలేసిన అనుమానం అదొక్కటే.

కథ కంచి దారి పట్టింది,
మా తల్లి కంటికి కునుకు పట్టింది.