జోగారావు డబ్బా

"డబ్బాలో ఏం పెడితే బాగుంటుంది మాస్టారూ?" అని కనకం అడిగేసరికి మాస్టారు చెప్పు పట్టీ బిగించుకుంటున్నారు. ఆయనకో అలవాటుంది. ఏదన్నా అడిగితే జవాబు చెప్పరు, "పద" అంటారు. నడిపించి నడిపించి మోకాళ్లు అరగదీసి, అప్పటికీ చెప్పరు. ఆ రోజూ అంతే. "పద" అన్నారు.

ఈ డబ్బాల గొడవ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. జియోక్యాషింగ్ అంటారు దీన్ని. ఒకడు ఏ కొండ మీదో చిన్న డబ్బా దాచి, ఎక్కడుందో ఆ గుర్తు నెట్‌లో పెడతాడు. మిగతావాళ్లు ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తారు. దొరికితే లోపలున్న పుస్తకంలో పేరు రాయాలి. పక్కనే చిన్న చిన్న వస్తువులుంటాయి. నచ్చింది తీసుకోవచ్చు, కానీ బదులు ఇంకోటి పెట్టాలి, అదీ తీసినదానికి తక్కువ కాకుండా. విశాఖపట్నంలో ఈ పిచ్చి పట్టినవాళ్లు ఓ పాతికమంది ఉంటే, పాతికమందికీ గురువు మాస్టారే. సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు కొలతల గొలుసు లాగి రిటైరైన మనిషి. ఏ రాయి కింద డబ్బా ఉందో వాసన పట్టేస్తారని పిల్లలు చెప్పుకుంటారు.

కనకం కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది. కనకమహాలక్ష్మి అని పూర్తి పేరు పెట్టి పిలిస్తే పలకదు. డబ్బాల్లో పెట్టడానికని సంచిలో ఎప్పుడూ ఓ పొట్లం ఉంచుకుంటుంది. కంపెనీవాళ్లు ఊరికే పంచిన కీచైన్లు, పూర్ణామార్కెట్లో డజన్ల లెక్కన కొన్న ప్లాస్టిక్ ఏనుగులు, అలాంటివి. తీసేటప్పుడు మాత్రం అరగంట ఏరుతుంది. అందుకే ఆ ప్రశ్న.

ఆ రోజు వాళ్లతో ఆదెమ్మ కూడా ఉంది. ఏటికొప్పాక మనిషి, లక్కబొమ్మలు చేస్తుంది. భీమిలి రోడ్డు పక్కన, జీడితోటల పైనున్న ఈ కొండ మీద డబ్బా దాచింది ఆవిడ కొడుకు జోగారావు. రెండేళ్ల క్రితం బైకు మీద వెళ్తూ లారీ కింద పడి చనిపోయాడు. కొడుకు పాత ఫోన్లో నంబరు పట్టుకుని ఆవిడే మాస్టారికి ఫోన్ చేసింది, ఒక్కసారి తీసుకెళ్లమని.

"ఏటి పెట్టావురా అందులో అంటే, నువ్వే ఒచ్చి సూసుకో అనీవోడు," అంది దారిలో. "మోకాళ్లు నొప్పిరా, నోటితో సెప్పరాదా అంటే నవ్వీవోడు. అప్పుడు ఎక్కలేదు. ఇప్పుడెక్కుతున్నాను సూడు, సిగ్గులేకుండా."

పది అడుగులకోసారి ఆగుతోంది ఆవిడ. మాస్టారు వెనక్కి చూసి, "నువ్వు ముందెళ్లి డబ్బా తీసి ఉంచు కనకం," అన్నారు.

కనకానికి చోటు తెలుసు. ఏడాదిన్నర కింద ఒకసారి వచ్చింది. రెండు రాళ్ల సందులోంచి డబ్బా లాగి మూత తీసింది. లోపల ఏమున్నాయంటే, ఖాళీ షాంపూ ప్యాకెట్టు, పిన్నీసు, మూత లేని పెన్ను, చిరిగిన సినిమా టికెట్టు. అంతే. అటూ ఇటూ దులిపి చూసింది. ఇంకేం లేవు.

పుస్తకం తెరిచింది. మొదటి పేజీ మీద గుండ్రటి అక్షరాలు. "పెట్టింది: మా అమ్మ చేసిన లక్క బొంగరం. ఎవరు తీసుకెళ్లినా బాగా ఆడించండి. జోగారావు."

దాని కిందనే వరసగా. ఎవరో బొంగరం తీసుకుని టార్చిలైటు పెట్టారు. ఇంకెవరో టార్చిలైటు తీసుకుని భూతద్దం పెట్టారు. ఆ కింద తన రాతే. "భూతద్దం తీసుకున్నా, కీచైన్ పెట్టా, ప్లేస్ అదిరింది. కనకం." పక్కన నవ్వుతున్న మొహం బొమ్మ కూడా వేసింది. కీచైన్ తీసినవాడు పెన్ను పెట్టాడు. ఆ తర్వాతివాళ్లు ఏం తీశారో రాయలేదు, ఏం పెట్టారో డబ్బాలోనే కనిపిస్తోంది. వాళ్లలో దొంగ ఒక్కడూ లేడు. ప్రతివాడూ పద్ధతిగానే వచ్చాడు, ఇంచుమించు సమానమేలే అనుకున్నాడు, ఒక్క మెట్టు దిగి వెళ్లాడు.

కింద ఆదెమ్మ ఆయాసం వినిపించింది. కన్నతల్లి ఇంత కొండెక్కి వచ్చి షాంపూ ప్యాకెట్టు చూడాలా? పుస్తకం చదివి వినిపిస్తే బొంగరమేదీ అంటుంది. ఎవరు తీశారు, బదులేం పెట్టారు అంటే తన పేరు కూడా చదవాలి. చెత్తంతా జేబులో కుక్కింది. పుస్తకం చున్నీ కింద దాచింది. వేలికున్న వెండి ఉంగరం లాగి డబ్బాలో పడేసింది. మంచి పనే చేస్తున్నాననుకుంది ఆ క్షణాన.

ఆదెమ్మ వచ్చి రాయి మీద కూలబడింది. డబ్బా ఒళ్లో పెట్టుకుని కాసేపు మూత నిమిరింది. తర్వాత తీసింది.

"ఇదేనా, మావోడు పెట్టింది?"

"అదేనండి," అంది కనకం.

ఆవిడ ఉంగరం పైకెత్తి చూసింది. చిన్నది. పూలు చెక్కి ఉన్నాయి. తన చిటికెన వేలికి పెట్టుకోబోతే సగంలో ఆగిపోయింది.

"ఇది ఆడపిల్లది గదమ్మా."

మాస్టారు కనకం చేతి వంక చూశారు. వేలి చుట్టూ ఉంగరం తీసిన చోట తెల్లటి గీత. చూసి, సముద్రం వైపు తిరిగారు.

"అందుకా సెప్పకుండా నవ్వీవోడు," అంది ఆదెమ్మ మెల్లగా. "నాతో అనుంటే నాను కాదంటానా? ఏ తల్లి కన్న పిల్లో. ఈడు పోయిన సంగతి ఆ పిల్లకి ఎవులన్నా సెప్పారో లేదో. ఫోన్ ఎత్తట్లేదని ఎన్నాళ్లు ఏడిసిందో."

కనకం చున్నీ కింద పుస్తకాన్ని ఇంకా గట్టిగా అదుముకుంది.

"తీత్తే ఇంకోటి పెట్టాలంట గదా మాస్టారూ?" అంటూ ఆవిడ చేతికున్న లక్కగాజు మెలిపెట్టి తీసి డబ్బాలో పెట్టింది. ఎరుపు మీద పసుపు గీతలు, ఆవిడ చేత్తో వేసినవే. "ఆ పిల్ల ఎప్పుడన్నా ఇక్కడికి ఒత్తే తీసుకుంటాది. నానిచ్చానని తెలవకపోయినా పరవాలేదు." ఉంగరం కొంగున ముడి వేసుకుంది. "ఆడి స్నేగితులందర్నీ అడుగుతాను. ఒకడికైనా తెలిసుంటాది. ఎంత కాలమైనా ఎతుకుతాను."

లేచి, రాళ్లు పట్టుకుంటూ దిగడం మొదలెట్టింది.

మాస్టారు చెయ్యి చాపారు. కనకం చున్నీ కింద నుంచి పుస్తకం తీసి ఇచ్చింది. ఆయన మొదటి పేజీ తెరిచి అక్కడే ఆగిపోయారు. రెండు లైన్లు చదవడానికి అంతసేపు పట్టదు.

"బాధపడుతుందని మాస్టారూ," అంది కనకం. "చెత్త చూస్తే బాధపడుతుందని."

ఆయన తిట్టలేదు. పుస్తకం మూసి, డబ్బాలో పెట్టకుండా, తిరిగి కనకం చేతిలోనే పెట్టారు.

"ఆవిడ చాలా బరువు మోసుకుని దిగుతోందమ్మా," అన్నారు. "వెళ్లి చెయ్యి పట్టుకో."