నునుపు మీద రంగు

రథశాల అధికారి గుండమరాజుకి తన నీడ మీద కూడా అనుమానమే. రంగులు వేసే చెన్నక్క, అద్దంలా మెరుస్తున్న రథపు ఇనుపరేకును ఇసుకరాయితో గరగరా రుద్దుతుంటే ఆయనకు ఒళ్లు మండింది.

"రాజుగారి రథానికి గీతలు పెడతావా? ఏ శత్రువు పంపాడే నిన్ను? చేతులు నరికిస్తాను!"

"గరుకు లేకపోతే రంగు పట్టదు దొరా."

"అబద్ధం! నునుపు మీదే వెయ్యి."

"అలాగే వేస్తాను. రేపు ఊరేగింపులో రాజముద్ర పెచ్చులూడితే నా మీదికి రాకుండా, ఇలా వేయించింది మీరేనని తాటాకు మీద రాసివ్వండి."

గుండమరాజు గంటం అందుకుని ఆకు మీద ఆనించాడు. ఇది ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమిటి? చెన్నక్క వంక చూశాడు, రేకు వంక చూశాడు. గంటం కింద పెట్టేశాడు.

"ఆ మూల సరిగ్గా రుద్దలేదు, చూసుకో" అన్నాడు.